పాత మర్రి బాధ్యత తీసుకున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

ఆ పాత మర్రిచెట్టు బాగోగులు మీ కమిటీ చూసుకోబోతోందని చదివి సంతోషించాను. మొదలు చుట్టూ సిమెంటు చప్టా వేయాలని, తొర్ర పూడ్చాలని, ఎండుకొమ్మలన్నీ కొట్టించాలని అనుకుంటున్నారట. ముందు ఆ మూడు పనులూ ఆపించు. ముసలి చెట్టుకు గొడ్డలి తర్వాత అంతటి గండం ముచ్చటపడి చేసే మరమ్మతే.

వేళ్లతో మొదలుపెడతాను, ఎందుకంటే అందరూ మరిచిపోయేది వాటినే. నీళ్లూ పోషకాలూ పీల్చే సన్నవేళ్లు చాలావరకు నేల పైపొరలోనే, రెండడుగుల లోపే ఉంటాయి. పక్కలకు మాత్రం కొమ్మల అంచు దాటి చాలా దూరం పోతాయి. వాటికి తడి ఎంత కావాలో గాలీ అంతే కావాలి. బళ్లు తిరిగి, జనం తొక్కి, మట్టి గట్టిపడిందంటే అందులోని సందులు మూసుకుపోతాయి. వాననీరు ఇంకదు, వేరుకు ఊపిరాడదు. చప్టా వేసినా, మొదట్లో అడుగెత్తు మట్టి పోసినా అదే గతి. పైగా మట్టి కప్పిన చోట బెరడు నాని కుళ్లుతుంది. అసలు చిక్కేమిటంటే, ఆ దెబ్బ వెంటనే బయటపడదు. తనలో దాచుకున్న పిండిపదార్థంతో చెట్టు కొన్నేళ్లు పచ్చగానే నెట్టుకొస్తుంది. పైకొమ్మలు ఎండటం మొదలయ్యేనాటికి చప్టా సంగతి ఎవరికీ గుర్తుండదు, ఏదో తెగులు పట్టిందంటారు.

అందుకని ముందు హద్దు గీయండి. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో మాను చుట్టుకొలత తీసి 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. మాను నుంచి ప్రతి వైపూ వ్యాసానికి 15 రెట్లు దూరం వరకు చెట్టు జాగా అనుకోవాలి. చుట్టుకొలత 6 మీటర్లయితే వ్యాసం దాదాపు 1.9 మీటర్లు, హద్దు సుమారు 29 మీటర్లు. కొమ్మల అంచు నుంచి మరో 5 మీటర్లు కలిపి కూడా కొలవండి, రెండింటిలో ఏది ఎక్కువైతే దాన్నే పట్టుకోండి. ఊడలు దిగి మానులైన మర్రికి ఒక మాను లెక్క కుదరదు, అక్కడ కొమ్మల అంచు లెక్కే నమ్మాలి. ఈ హద్దు లోపల కందకం, పైపులైను, బళ్ల పార్కింగు, ఇసుక కుప్పలు ఏవీ వద్దు. జనం కూర్చునే అరుగు కావాలంటే హద్దు బయట కట్టండి. దీపాలు, కొవ్వొత్తులు పెట్టే చోటు కూడా మొదలుకు దూరంగా ఉండాలి. తొర్రలో నిప్పురవ్వ పడితే అది పొగగొట్టంలా లోపలికి గాలి లాగుతూ మండుతుంది, ఆర్పడం మహా కష్టం.

పాత చప్టా ఏదైనా ఇప్పటికే ఉంటే గడ్డపారతో, చేతులతో, ఒక్కో పక్కనుంచి కొంచెం కొంచెంగా తీయించండి. జేసీబీని దగ్గరికి రానివ్వవద్దు. బయటపడ్డ వేళ్లను అదేరోజు తడిగోనెతో కప్పాలి, బొటనవేలి కంటే లావున్న వేరును నరకకూడదు. ఆ తర్వాత ఆ జాగాలో ఎండాకులు, చిన్నముక్కలుగా కొట్టిన కొమ్మలు ఓ 5 నుంచి 10 సెంటీమీటర్ల మందాన పరిచి, మాను చుట్టూ ఒక అడుగు ఖాళీ వదలండి. అంతకన్నా మందంగా పోస్తే మళ్లీ గాలి అందదు. రసాయన ఎరువు వేయవద్దు. రాలిన ఆకును ఊడ్చి తగలబెట్టడం మానిపించగలిగితే సగం పని అయినట్టే.

ఇక తొర్ర. టార్చి వేసి లోపలికి చూడు. గోధుమరంగు పొడి రాలుతూ ఉంటుంది, చీమలు, పురుగులు తిరుగుతుంటాయి, అదృష్టం బాగుంటే గుడ్లగూబ కూడా కనిపిస్తుంది. బూజు తిన్నది చెట్టు నడిమధ్య ఉన్న నిర్జీవమైన చేవను. చెట్టు ప్రాణమంతా బెరడు కింది పలచటి పొరలోనూ, దాని వెనకున్న కొత్త కర్రలోనూ ఉంటుంది. కుళ్లు అటు రాకుండా చెట్టు తనంతట తనే లోపల అడ్డుగోడలు కట్టుకుంటుంది. అమెరికా శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేలాది మానులు కోసి పరిశీలించి 1970లలో ఈ సంగతి వివరించాడు. కుళ్లు గోకి శుభ్రం చేయడమంటే ఆ గోడను పగలగొట్టడమే. సిమెంటు పోస్తే ఇంకా చేటు: గాలికి మాను ఊగుతుంది, సిమెంటు ఊగదు, రెండిటి నడుమ తడి చేరి కుళ్లు ముదురుతుంది, సిమెంటు అంచులు బతికున్న కర్రను ఒరుస్తాయి. నీళ్లు నిలుస్తున్నాయని కిందనుంచి కన్నం వేయడమూ తప్పే.

తొర్రపడ్డ చెట్టు బలహీనమేనా అంటే, మిగిలిన గట్టి గోడ మందాన్ని బట్టి చెప్పాలి. మాను వ్యాసార్ధంలో మూడో వంతు మందాన గట్టి కర్ర చుట్టూ ఉంటే సాధారణంగా దిగులు పడక్కర్లేదు. అంతకన్నా తక్కువుంటే చెట్ల నిపుణుణ్ణి పిలిపించి చూపించండి, కొట్టేసేవాణ్ణి కాదు. మర్రి విషయంలో మరో వెసులుబాటు ఉంది. హౌరా బొటానికల్ గార్డెన్‌లోని మహావటానికి తుపాను దెబ్బలు తగిలి బూజు పట్టడంతో 1925లో అసలు మానునే తీసేశారు. ఊడల మీద నిలబడి అది ఇప్పటికీ విస్తరిస్తూనే ఉంది. అందుకే వేలాడే ఊడల కొసలు ఎవరూ కోయకుండా, పిల్లలు ఊగకుండా చూడండి. బరువు మోస్తున్న కొమ్మ కింద ఊడ ఉంటే, చీల్చిన వెదురుబొంగులో మట్టి, కొబ్బరిపీచు నింపి దాన్ని నేలకు చేర్చండి. లోపలి మట్టి ఎండిపోనివ్వవద్దు.

ఎండుకొమ్మల్లో మనుషులు నడిచే దారి మీదికి వంగినవే తీయించండి, మిగతావి ఉండనివ్వండి. ముసలి చెట్టు పైకొమ్మలను వదులుకుని కిందికి కుదించుకోవడం సహజం, అది చావు కాదు. బరువైన కొమ్మను మూడు కోతల్లో తీయాలి. మానుకు అడుగు దూరంలో కిందనుంచి ఒకటి, దానికి కాస్త అవతల పైనుంచి రెండోది. ఇలా చేస్తే బెరడు చీలుకుంటూ మాను దాకా రాదు. మిగిలిన మోడును కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా కనిపించే పట్టీకి బయటగా మూడోసారి కోయాలి. నున్నగా ఉంటుందని మానును ఒరుసుకుంటూ కోస్తే ఆ గాయం మూసుకోదు. తారు, రంగు పూయక్కర్లేదు. పచ్చికొమ్మలు తగ్గించాల్సి వస్తే ఒక విడతకు ఆకులో పదో వంతు మించకుండా, ఏళ్ల తరబడి విడతలుగా చేయించండి.

తొర్రను ఇంతగా ఎందుకు పట్టించుకుంటున్నానంటే, వడ్రంగిపిట్ట చిన్నవి తొలుస్తుంది గానీ హార్న్‌బిల్ లాంటి పెద్ద పక్షి గూడుకు సరిపడే తొర్ర తయారవడానికి తరాలు పడుతుంది. మొక్కలు నాటి దాన్ని తెచ్చుకోలేం. అడవిలో మిగతా చెట్లకు కాయలు లేని రోజుల్లో మర్రి, రావి, మేడి జాతులే పక్షులకూ గబ్బిలాలకూ ఆధారం. ఆ కాయల్లో విత్తనం కట్టాలంటే ఒక్కో జాతికీ దాని తాలూకు చిన్న కందిరీగ కావాలి. మీరు చెట్టు మీద పురుగుమందు కొట్టిస్తే ముందు పోయేది అదే. కొట్టేసి బదులుగా వంద మొక్కలు నాటుతామనేవాళ్లు వస్తారు. 403 జాతుల చెట్లను పరిశీలించిన 2014 నాటి అధ్యయనంలో చాలా జాతుల చెట్లు పెద్దవయ్యేకొద్దీ ఏటా ఇంకా ఎక్కువ కార్బన్‌ను పోగేస్తాయని తేలింది. ఆ మాట వాళ్లకు చెప్పు.

వయసు విషయంలో గొప్పలకు పోవద్దు. మర్రి కర్రలో ఏడాదికొకటి చొప్పున లెక్కపెట్టదగ్గ వలయాలుండవు, కాబట్టి మానుకు రంధ్రం వేయించి లాభం లేదు. 1964లో అమెరికాలో ప్రొమీథియస్ అనే పైన్ చెట్టును పరిశోధన కోసం నరికాక గానీ దానికి 4,800కు పైగా వలయాలున్నాయని తేలలేదు. శ్రీలంకలోని అనురాధపురంలో ఉన్న మహాబోధి అనే రావిచెట్టు క్రీస్తుపూర్వం 288లో నాటినదని చెబుతారు. నాటిన కథ గ్రంథాల్లోకి ఎక్కి, తరతరాలుగా కాపలా తెగకుండా సాగడం వల్లే ఆ మాటకు అంత బలం. మీరూ ఒక పుస్తకం పెట్టండి. ఏటా ఒకే నెలలో చుట్టుకొలత, నాలుగు దిక్కుల నుంచి అవే చోట్ల నిలబడి ఫొటోలు, రాలిన కొమ్మలు, కొత్తగా నేల తాకిన ఊడలు రాయండి. పెద్దవాళ్లు చెప్పే కథలను ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్నది చేర్చి, వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఇద్దరి మాట పొసగకపోతే రెండూ ఉంచండి. బెంగళూరు దగ్గర నల్లూరు చింతతోపును 2007లో దేశంలో తొలి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. మీ చెట్టుకూ ఏదైనా గుర్తింపు అడగాలంటే ఇలాంటి పుస్తకమే చేతిలో ఉండాలి.

వానలు పడ్డాక మణికట్టు లావు కొమ్మలు రెండు మూడు, ఒక్కోటి మనిషి ఎత్తున కోయించి, హద్దు బయట ఎండ తగిలేచోట మూడో వంతు భూమిలో ఉండేలా పాతించు. ఈ చెట్టు వారసులు నీడలో ఎదగవు. పశువులు కొరకకుండా కంచె కట్టి, మొదటి రెండు వేసవులూ నీళ్లు పోయించు.

ఇట్లు,
నీ పెదనాన్న