తులసిలోని పదార్థం కీమో మందును మోస్తుందా?

ప్రశ్న: మా అత్తగారికి రొమ్ము క్యాన్సర్. పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కిస్తున్నారు. తులసిలోని ఉర్సోలిక్ ఆమ్లం తనంతట తానే నానో కణాలుగా మారి కీమో మందును కణితి దాకా తీసుకెళ్తుందని చదివాను. రోజూ తులసి కషాయం ఇవ్వొచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు చదివింది అబద్ధం కాదండీ, కానీ అది కషాయం సంగతి కాదు. ఉర్సోలిక్ ఆమ్లం తులసిలోనే కాదు, యాపిల్ తొక్కలోనూ ఉంటుంది. అది నీళ్లలో కరగదు. అందుకే ల్యాబ్‌లో శుద్ధి చేసిన ఆ ఆమ్లాన్నీ, డాక్సోరుబిసిన్ లాంటి కీమో మందునీ ఆల్కహాల్ వంటి ద్రావణిలో కరిగించి నీళ్లలో చుక్కచుక్కగా వదిలితే, రెండిటి అణువులూ ఒకదాన్నొకటి పట్టుకుని నానో కణాలుగా, అంటే కంటికి కనిపించనంత చిన్న రేణువులుగా, గుంపు కడతాయి. మామూలు నానో మందుల్లో కొవ్వుదో పాలిమర్‌దో తొడుగే ఎక్కువ, అసలు మందు తక్కువ. ఇక్కడ లారీ కూడా సరుకే! ఉర్సోలిక్ ఆమ్లానికి కూడా ల్యాబ్‌లో క్యాన్సర్ కణాలను చంపే గుణం కనిపించింది కాబట్టి, రెండు మందులూ కలిసి ఒకే క్యాన్సర్ కణంలోకి వెళ్తాయన్నది ఆశ.

మీ అత్తగారి మందుతోనూ దీనికి సంబంధం ఉంది. పాక్లిటాక్సెల్ నీళ్లలో కరగదు కాబట్టి ఆముదం నుంచి తయారుచేసిన ఒక ద్రావకంలో కలిపి ఇస్తారు. ఎక్కించే ముందు స్టెరాయిడ్ ఇచ్చేది అలర్జీ రాకుండా ఉండడానికే, ఆ అలర్జీలో పెద్ద వాటా ఈ ద్రావకానిదే. దాన్ని తప్పించడానికే ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌తో కలిపిన పాక్లిటాక్సెల్ 2005లో అమెరికాలో అనుమతి పొందింది. రెండు మందుల్ని ఒకే నానో కణంలో పెట్టడమూ కొత్త కాదు, ఒక రకం బ్లడ్ క్యాన్సర్‌కి సైటరాబిన్, డానోరుబిసిన్‌లను 5:1 పాళ్లలో కొవ్వు బుడగలో పెట్టిన మందుకి 2017లో అనుమతి వచ్చింది. తులసి తరహా అణువుల పరిశోధన మాత్రం ఎక్కువగా ల్యాబ్‌లోని క్యాన్సర్ కణాల మీదా, ఎలుకల మీదా సాగుతోంది. అసలు నానో మందులన్నిటికీ ఉన్న చిక్కేంటంటే, పదేళ్ల ప్రయోగాలను కలిపి చూసిన 2016 నాటి విశ్లేషణలో, ఇచ్చిన మోతాదులో కణితికి చేరింది మధ్యస్థ లెక్కన (మీడియన్) 0.7 శాతమే అని తేలింది.

ఇక కషాయం. నీళ్లలో కరగని పదార్థం మరిగించినా పెద్దగా దిగదు, దిగిన కాస్తా పేగుల్లోంచి రక్తంలోకి సరిగా వెళ్లదు, సెలైన్‌లో ఎక్కే మందుతో కలిసి నానో కణం కావడమన్నది జరిగే పని కాదు. పైగా కొన్ని మూలికలు కాలేయం మందును విరిచే వేగాన్ని మార్చేస్తాయి, అది కీమోలో ఉన్నవాళ్లకు అనవసరమైన రిస్క్. చిక్కటి కషాయాలు, క్యాప్సూల్స్ ఇవ్వకండి. తెల్లకణాలు పడిపోయిన రోజుల్లో పచ్చి ఆకులు కూడా వద్దు. ఇప్పటికే ఇస్తూ ఉంటే, కోప్పడతారని దాచకుండా తర్వాతి కీమో విడతకి ముందే ఆంకాలజిస్టుకి (క్యాన్సర్ డాక్టరుకి) చెప్పేయండి.