డీజే హోరులో చెవులకు దూది సరిపోతుందా?

నిమజ్జనం ఊరేగింపులో డీజే బాక్సుల పక్కన నడిచేటప్పుడు చెవుల్లో దూది పెట్టుకుంటే చాలునా అంటే, చాలదనే చెప్పాలి. దూది ఆపగలిగే శబ్దం బహు స్వల్పం. లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే రోమకణాలు ఒకసారి నశిస్తే మళ్లీ పుట్టవు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినరాదు. ఆపై ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ వ్యవధి సగమవుతూ, 100 దగ్గర 15 నిమిషాలకు పడిపోతుంది. బాక్సుల ముందు 100 దాటడం మామూలే.

మెడికల్ షాపులో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్‌ను వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి లోపలికి దూర్చి, అది ఉబ్బి బిగుసుకునేదాకా అదిమి ఉంచాలి (చాలామంది చెవి అంచున తగిలించి వదిలేస్తారు, అది దండగ). బాక్సులకు దూరంగా జరగడానికైతే ఖర్చే లేదు. మర్నాటికీ చెవిలో గుయ్‌మనే మోత తగ్గకపోయినా, వినికిడి మందగించినా, ఈఎన్‌టీ వైద్యుణ్ణి వెంటనే కలవాలి.