లండన్‌లో మన ఊరి రాయి

ప్రశ్న: లండన్‌లో చదువుతున్న మా అమ్మాయి, హైడ్ పార్కులో 'విజయనగరం మహారాజా' అని చెక్కిన రాయి ఫొటో పంపింది. అది మన ఊరేనా, మాస్టారూ?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మన ఊరేనమ్మా! మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు నేను రెండు రోజులు దాని పక్కనుంచే నడిచిపోయాను. మూడోరోజు బూటు లేసు కట్టుకోడానికి వంగితే కంటబడింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను.

అక్కడ ఒకప్పుడు తాగునీటి ఫౌంటెన్ ఉండేది. పూసపాటి విజయరామ గజపతిరాజు కానుక. తెరిచింది 1868 ఫిబ్రవరి 29న (లీపు రోజు చూసి మరీ!), తీసేసింది 1964లో. ఆ కాలంలో లండన్‌లో శుభ్రమైన నీళ్లకు కటకట. 1854లో సోహో వీధుల్లో కలరా ఒక చేతిపంపు నీళ్ల వల్లే వ్యాపించిందని జాన్ స్నో అనే డాక్టరు చూపించాడు. 1859లో ఒక సంఘం పుట్టి వీధుల్లో ఉచితంగా నీళ్లిచ్చే ఫౌంటెన్లు కట్టించసాగింది. మన చలివేంద్రాల్లాంటివే, కాకపోతే రాతివి.

తిరిగొచ్చాక మా మనవడు, "తాతా, మన గంటస్తంభానికి ఎన్ని పక్కలు?" అన్నాడు. రోజూ దాని కిందనుంచే కూరలకు వెళ్తాను. చెప్పలేకపోయాను. ఎనిమిదిట!