శ్రుతి అంటే విన్నది

సందేహం: మా అమ్మాయి చిక్కడపల్లిలో పాట నేర్చుకుంటోంది. నోటుబుక్కు అట్ట మీద నేను ‘శృతి, లయ’ అని రాసిస్తే వాళ్ల టీచరు గారు ఎర్ర పెన్నుతో ‘శ్రుతి’ అని దిద్దారు. బోర్డుల మీద, పత్రికల్లో నాకు ఎక్కువగా కనిపించేది శృతే. ఏది సరైనది? ఇంకొకటి: లయ, తాళం ఒకటేనా, పాట లేకపోతే అది సంగీతం కాదా అని పిల్ల అడిగింది. ఏదో చెప్పాను గానీ నాకే తృప్తిగా లేదు.
– ఒక తల్లి, నల్లకుంట, హైదరాబాదు

సమాధానం: అమ్మా, టీచరు గారు దిద్దిందే సరైనది. ‘శ్రుతి’ అనే రాయాలి.

ఈ మాటకు మూలం ‘శ్రు’ అనే ధాతువు. వినడం అని దాని అర్థం. శ్రవణం, శ్రోత, శ్రావ్యం అన్నీ అక్కడి నుంచి పుట్టినవే. వేదానికి శ్రుతి అని పేరు రావడం కూడా గురువు నోట విని నేర్చుకున్నది కావడం వల్లనే. మరి వట్రసుడి ఎలా వచ్చి చేరింది? నాకు రెండు కారణాలు కనిపిస్తున్నాయి. శ్రుతి, స్మృతి అని జంటగా పలకడం మనకు అలవాటు. స్మృతికి మూలం ‘స్మృ’, గుర్తుంచుకోవడం. అందుకని అందులో వట్రసుడి న్యాయంగానే ఉంది. పక్కనే ఉండడంతో అది దీనికీ అంటుకుంది. రెండో కారణం మన ఉచ్చారణ. తెలుగువాళ్లం ఋకారాన్ని ‘రు’ అని పలుకుతాం. కృష్ణుణ్ణి ‘క్రుష్ణుడు’ అనే అంటాం. పలుకుబడిలో తేడా లేనప్పుడు రాతలో తడబాటు సహజమే.

హైదరాబాదులో ఉన్నారు కాబట్టి మీకు ఒక తేలిక పరీక్ష చెబుతాను. హిందీ వాళ్లు ఋకారాన్ని ‘రి’ అని పలుకుతారు. మన కృష్ణ వాళ్ల నోట ‘క్రిష్ణ’, మన శృంగారం వాళ్లకు ‘శ్రింగార్’, అమృతం ‘అమ్రిత్’. మీ అపార్ట్‌మెంట్‌లో హిందీ మాట్లాడే కుటుంబం ఉంటే ఈ మాటను వాళ్లచేత అనిపించి చూడండి. ‘శ్రుతి’ అంటారు, ‘శ్రితి’ అనరు. ఎందుకంటే అసలు మాటలో ఉన్నది ఋకారం కాదు, రకారానికి ఉకారం.

ఇదే పరీక్షకు సాక్ష్యం మీ అమ్మాయి నోట్లోనే రోజూ పలుకుతోంది. సరిగమల్లో రెండో స్వరం ఋషభం. మన తెలుగు అలవాటు ప్రకారమైతే ‘స రు గ మ’ అనాలి. కానీ ‘రి’ అనే పాడతాం, రిషభం అనే పిలుస్తాం. ఋకారాన్ని ‘రి’గా పలికే అలవాటు మన సంగీతంలో అలా నిలిచిపోయింది. ఈ చిన్న ‘రి’ని తలుచుకున్నప్పుడల్లా నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది.

కూతురికి ‘శృతి’ అని పేరు పెట్టి, ఆధార్ దగ్గర్నుంచి పదో తరగతి సర్టిఫికెట్ దాకా అలాగే ఎక్కించినవాళ్లు టెన్షన్ పడనక్కర్లేదు. పేరు వాళ్ల సొంతం, మార్చుకోమని నేను అనను. మామూలు రాతలో మాత్రం శ్రుతి అని రాద్దాం.

ఇక ఈ మాటకు సంగీతంలో ఉన్న అర్థం. పాడేవాళ్లు ముందుగా ఒక ధ్వనిని ఆధారంగా పెట్టుకుంటారు. అదే వాళ్ల షడ్జమం, అంటే ‘స’. తంబూరా మీటేది దాన్ని చెవిలో నిలుపుకోవడానికే. ఇప్పుడు చాలా ఇళ్లలో ఆ పని ఫోన్‌లోని యాప్ చేస్తోంది. ఆ ‘స’ ఎక్కడ పెట్టుకోవాలన్నది గొంతును బట్టి ఉంటుంది. పిల్లల గొంతుకు ఒకచోట, మగవాళ్ల గొంతుకు మరోచోట. ‘మీది ఎన్నో శ్రుతి?’ అంటే ‘ఐదున్నర’ అని జవాబు చెబుతారే, ఆ అంకెలు హార్మోనియం మెట్లవి. తెల్ల మెట్లు ఒకటి, రెండు, మూడు అని లెక్క. ఐదుకూ ఆరుకూ నడుమనున్న నల్ల మెట్టు ఐదున్నర.

‘స’ ఎక్కడ పెట్టుకున్నా మిగతా స్వరాలు దానికి ఎంత దూరంలో ఉండాలన్నది మారదు. షడ్జమం సెకనుకు 240 కంపనాలు అనుకుంటే పంచమం 360, పైషడ్జమం 480. ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు. చెవికి ఈ లెక్కలు తెలియవు, అయినా ‘ప’ కొంచెం పక్కకు జరిగితే ఇట్టే పట్టేస్తుంది. దీన్నే శ్రుతి తప్పడం అంటాం. ఒక స్థాయిలో, అంటే ఒక ‘స’ నుంచి పై ‘స’ దాకా, 22 శ్రుతులు ఉన్నాయని శాస్త్రం చెప్పేటప్పుడు ఆ మాటకు అర్థం వేరు: చెవి గుర్తించగల సూక్ష్మమైన అంతరాలని. పెద్ద తరగతులకు వెళ్లాక అమ్మాయికి ఆ సంగతి ఎదురవుతుంది.

ఒక పొరపాటు తరచుగా వింటున్నాను. ‘కొంచెం శ్రుతి పెంచండి’ అని మైకు అబ్బాయితో అంటారు. వాళ్లు అడిగేది సౌండ్ పెంచమని. గట్టిగా వినిపించడం వేరు, ధ్వని పైకి వెళ్లడం వేరు. దోమ రొద ఎంత సన్నగా ఉన్నా పైశ్రుతిలోదే. ఉరుము ఎంత పెద్దదైనా కిందిశ్రుతిలోదే. పత్రికలు ‘గొడవ తారస్థాయికి చేరింది’ అని రాస్తాయి. ఆ మాటా సంగీతం నుంచి వచ్చిందే. మంద్ర, మధ్య, తార అని మూడు స్థాయులు, అందులో పైది తార.

శ్రుతి అన్నది తంబూరా ముందు కూర్చున్నవాళ్లకే సంబంధించిన మాట అనుకోవద్దు. ఆషాఢంలో బోనాలప్పుడు డప్పు కళాకారులను దగ్గరగా చూడండి. మొదలుపెట్టే ముందు రోడ్డు పక్కన కాగితాలో గడ్డో పోగేసి మంట వేస్తారు. డప్పు తోలును ఆ సెగకు తిప్పుతూ కాగబెడతారు. మధ్య మధ్య వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని వింటారు. తోలు బిగిసి కంగుమనేదాకా మళ్లీ సెగకు పెడతారు. చినుకు పడి తోలు సాగితే మళ్లీ మంట. అది శ్రుతి చేసుకోవడమే. వినడం అనే ఆ ధాత్వర్థం అక్కడ కళ్లకు కనిపిస్తుంది.

ఆ డప్పుల మీద తీన్‌మార్ మోగుతుంది. తీన్ అంటే మూడు, మార్ అంటే దెబ్బ. మన నగరపు ఉర్దూ కలిసిన మాట. అందులో పాట ఉండదు, రాగం ఉండదు, అయినా కాలు నిలవదు. పాట లేకపోతే సంగీతం కాదా అన్న మీ అమ్మాయి ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో గీతం, వాద్యం, నృత్తం మూడూ కలిస్తే సంగీతం అన్నాడు. ఈనాటి తెలుగులో నృత్యాన్ని విడిగా చెప్పుకుంటున్నాం. గొంతూ వాద్యమూ మాత్రం రెండూ సంగీతమే. పాటంటే మాటలున్నది. వీణ మీద వాయించే ఆలాపనలో ఒక్క మాటా ఉండదు, అయినా అది నిండైన సంగీతం. చెవికి ఇంపుగా ఒక పద్ధతిలో అమరిన ధ్వని అని అమ్మాయికి చెప్పండి. ప్రస్తుతానికి అది చాలు.

లయకూ తాళానికీ తేడా సంస్కృత నిఘంటువు అమరకోశం ఒక్క పాదంలో తేల్చేసింది: ‘తాలః కాలక్రియామానం లయః సామ్యమ్’. కాలాన్ని చేతలతో కొలవడం తాళం. ఆ కొలతల నడుమ ఎడం సమంగా ఉండడం లయ. అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఆదితాళం వేయించండి. ఒక దెబ్బ, ఆ తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. ఇది నాలుగు అక్షరాల, అంటే నాలుగు లెక్కల, లఘువు. ఆపైన దెబ్బ వేసి చెయ్యి తిప్పడం, మళ్లీ దెబ్బ వేసి చెయ్యి తిప్పడం. ఇవి రెండు ద్రుతాలు. మొత్తం ఎనిమిది. ఈ ఎనిమిదీ వరస తప్పకుండా వేసినా, మూడో వేలు దగ్గర తొందరపడి చివర నీరసిస్తే తాళం ఉన్నట్టే, లయ పోయినట్టే. గడియారం టిక్కుటిక్కులో లయ ఉంది, తాళం లేదు. ఎందుకంటే ఎనిమిదింటికో ఆరింటికో ఒక ఆవర్తనం, అంటే ఒక చుట్టు, పూర్తయిందని అది చెప్పదు. లయ అనే మాటకు ‘లీ’ ధాతువు మూలం, కలిసిపోవడం అని అర్థం. శివుణ్ణి లయకారుడు అన్నప్పుడూ ఇదే మాట.

మాటల మీద మక్కువ ఉన్నవాళ్లకు ఇక్కడ ఇంకో విశేషం ఉంది. తెలుగు వ్యాకరణంలో ద్రుతం అంటే నకారం. తాళంలో రెండక్షరాల భాగం. లయను చెప్పేటప్పుడు వేగం. అక్షరం కూడా అంతే. బడిలో ‘అ’ అక్షరం, తాళంలో అది కాలపు కొలత. స్వరం అంటే వ్యాకరణంలో అచ్చు, సంగీతంలో సరిగమలు, మామూలు మాటల్లో గొంతు. పిల్లలు తికమకపడితే వాళ్ల తప్పేమీ లేదు. ఒకే మాట మూడు చోట్ల మూడు పనులు చేస్తోంది.

రాగం గురించి మీరు అడగలేదు, అయినా అది లేకుండా ఈ జవాబు పూర్తి కాదు. ‘రంజ్’ ధాతువు నుంచి వచ్చింది, రంగు పట్టడం అని అర్థం. కెంపుకు పద్మరాగం అని పేరు అందుకే. అనురాగంలోనూ ఆ రంగే ఉంది. రాగమంటే కొన్ని స్వరాలను ఏరి పేర్చడమే అనుకుంటే పొరపాటు. హిందుస్తానీలో భూపాలీకి, దేశ్‌కార్‌కు ఉన్నవి అవే ఐదు స్వరాలు: స రి గ ప ధ. ఒకదానిలో గాంధారం మీద నిలుస్తారు, రెండోదానిలో ధైవతం మీద. అంతటితో రంగు మారిపోతుంది. తెలుగులో రాగానికి ఇంటి వాడుకలూ ఉన్నాయి. పిల్లాడు రాగాలు తీస్తాడు, వంటింట్లో కూనిరాగం వినిపిస్తుంది, మాటామాటా పెరిగితే శ్రుతి మించి రాగాన పడింది అంటాం. ఈ జాతీయాన్ని పెద్దగా చదివితే చెవికి ఎంత బాగుంటుందో! దాన్నీ ‘శృతిమించి’ అని అచ్చువేస్తున్నారు.

చివరగా ‘అపశ్రుతి’ సంగతి. ‘ఉత్సవంలో అపశృతి, ఇద్దరి మృతి’ లాంటి శీర్షికలు చూస్తుంటాం. వట్రసుడి తప్పు సరే, నాకు ఎక్కువ బాధ కలిగించేది ఆ మాటను అక్కడ వాడడం. కచేరీలో తీగ సడలితే అపశ్రుతి. బిగించి మళ్లీ పాడుకోవచ్చు. ఒక ఇంట్లో మనిషి పోతే ఆ మాట సరిపోతుందా? ‘ఉత్సవంలో విషాదం’ అని రాయవచ్చు. ‘ఊరేగింపులో ప్రమాదం’ అని రాయవచ్చు.