యువ రచయితకు లేఖ: ఆ జాకెట్టు ఎవరు కుట్టారు?

మాంబళం, చెన్నై

నాయనా,

నీ కథ అందింది. రెండో పేజీలోనే చిరాకు పెట్టావు. 1955లో మాంబళం అమ్మాయిని ట్రామెక్కించి మౌంట్ రోడ్డుకు పంపావు. మద్రాసులో ట్రాములు 1953 ఏప్రిల్‌లోనే ఆగిపోయాయి. సినిమా టికెట్టుకు ఆమె చేత 50 పైసలు ఇప్పించావు. నయా పైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. అంతవరకూ రూపాయికి 16 అణాలే. వాళ్ల నాన్నకు తొడిగిన టెరిలిన్ చొక్కా కూడా మా ఇళ్లలోకి అరవైలలో గానీ రాలేదు. ఇవన్నీ ఒక మధ్యాహ్నం కూర్చుంటే దిద్దుకోవచ్చు. వీటి కోసమైతే కార్డు ముక్క చాలు.

ఇంత పొడుగు ఉత్తరం రాయిస్తున్నది ఐదో పేజీలో ఉన్న ఒక్క వాక్యం. పెరిగిన పిల్లకు జాకెట్టు బిగుతై, తల్లి పక్క కుట్టు విప్పితే, లోపలి మడతలో దాగిన గుడ్డ ఇంకా కొత్త రంగుతోనే బయటపడిందని రాశావు. వెలిసిన జాకెట్టు మీద రెండు పక్కలా రెండు ముదురు చారలు. అది ఊహించి రాయగలిగిన సంగతి కాదు. మీ అమ్మమ్మగారే చెప్పి ఉంటారు. తీరా నువ్వేం చేశావు? ఆ చారలను అక్కడే వదిలేసి పాండీ బజారు, గ్రామఫోను, బుట్టచేతులు, ‘ఆ రోజులే వేరు’ అంటూ వెళ్లిపోయావు. కోపం వచ్చింది అక్కడే.

ఆ కాలపు బట్ట గురించి రాయదలచుకుంటే దాని ఆయుష్షంతా రాయాలి. ఈ మాట చెప్పీ చెప్పీ నాకు చాదస్తురాలినని పేరొచ్చింది, రానీ. పెట్టెలో దాచిన పట్టుచీర సంగతి అడగడం లేదు, రోజూ కట్టే నేతచీర సంగతి. అది కుచ్చిళ్ల దగ్గర చిరిగితే మరో చీరలో బాగున్న సగం తెచ్చి అతికేవాళ్లు. ఆ అతుకూ ఆగనప్పుడు ఆడపిల్లకు పరికిణీ అయ్యేది. పరికిణీ అడుగున అడ్డంగా రెండు మూడు మడతలు వేసి కుట్టి, పిల్ల పొడుగయ్యే కొద్దీ ఒక్కొక్కటే విప్పేవాళ్లు. తర్వాత పొత్తిగుడ్డలు, బొంత, చివరకు మసిగుడ్డ. మా తమ్ముడి పొత్తిగుడ్డల్లో మా నాయనమ్మ చీర అంచు నాకు గుర్తు. పండగకు ఒకే తాను తెచ్చి అన్నదమ్ములందరికీ ఒకే రకం చొక్కాలు కుట్టించేవాళ్లు. పెద్దవాడి చొక్కా చిన్నవాడికి దిగినప్పుడు వాడు మరో రెండేళ్లు అదే గళ్ల చొక్కా వేసుకోవాలి. ఇంత కథ కళ్ల ముందు ఉండగా నీకు గ్రామఫోను ఎందుకయ్యా?

ఇక సినిమా. నీ అమ్మాయి ‘మిస్సమ్మ’లో సావిత్రి కట్టిన నెమలికంఠం రంగు చీర చూసి మనసు పడిందన్నావు. ఆ సినిమా నలుపు తెలుపు. నెమలికంఠం ఆమెకు ఎక్కడ కనిపించింది? ‘మాయాబజార్’కు రంగులద్దింది 2010లో, 1957లో మేం చూసింది వెన్నెలా నీడలే. అయితే ఇది తప్పుగా వదిలేయవద్దు, ఇందులో నీకు కథ ఉంది. మా వీధి పిల్లలం హాలు నుంచి నడిచి వస్తూ ఆ చీర ఏ రంగో తేలక పోట్లాడుకునేవాళ్లం. ఒకరు వంగపండు అంటే ఒకరు చిలకపచ్చ. ఎవరింట్లో వాళ్లమ్మకు మంచి చీర ఏ రంగుదైతే వాళ్లకు తెర మీద ఆ రంగే కనిపించేది. నీ అమ్మాయికి ఏ రంగు కనిపించిందో, ఎందుకు కనిపించిందో రాయి.

ఇంకొకటి. నలుపు తెలుపు సినిమాలో రంగు దక్కదు గానీ కోత దక్కుతుంది. మెడ ఎంత దింపారు, చేతి బుట్ట ఎంత ఉబ్బింది, కాలరు ఉందా లేదా, జడలు ఒకటా రెండా, ఇవన్నీ తెర మీద స్పష్టంగా తెలిసేవి. వాటిని కళ్లతో కొలిచి తెచ్చేది ఆడపిల్లలు, గుడ్డలోకి దింపేది దర్జీలు. అటు ‘మిస్సమ్మ’కు మార్కస్ బార్ట్‌లే కెమెరా పట్టి చీర జరీని మెరిపిస్తే, ఇటు మా సందు చివర దర్జీ ఆ సినిమా చూడకుండానే పిల్లలు చేతులూపి చెప్పింది విని బుట్టచేతులు కత్తిరించేవాడు. పక్కనే నిలబడి తల్లి, ‘పిల్ల ఎదుగుతోంది, లోపల గుడ్డ వదులు’ అనేది. నీ ఐదో పేజీ మడత అక్కడ పుట్టింది. తారకూ నీ అమ్మాయికీ మధ్య ఉన్న ఆ మనిషి నీ కథలో ఒక్కసారి కూడా తలెత్తలేదు.

నాకు ఈ పట్టుదల ఎందుకంటే మా అమ్మ కాజాలు కుట్టేది. దీపావళి ముందు దర్జీ సంచుల కొద్దీ చొక్కాలు పంపేవాడు. రాత్రి భోజనాలయ్యాక లాంతరు దగ్గర కూర్చుని కుట్టి, తెల్లవారి అప్పగిస్తే లెక్కకు ఇన్ని అణాలు. నేను గుండీలు కుట్టేదాన్ని. పెళ్లయ్యాక కూడా ఆ పని వదల్లేదు. నా మొదటి కథల చిత్తు ప్రతులు రాసుకున్నది దర్జీ బిల్లు పుస్తకాల వెనకవైపే. కాజాల మీద ఒక కథ రాసి పంపితే సంపాదకుడుగారు, పేరెందుకులే, తిప్పి పంపుతూ ‘కుట్టుపని ఎవరు చదువుతారమ్మా, తారలు కట్టిన చీరల గురించి రాయండి’ అని సలహా ఇచ్చారు. రాయలేదు. చాలా ఏళ్ల తర్వాత అదే పత్రిక నుంచి మరో సంపాదకుడు ఫోను చేసి ‘మీ కాలపు ఫ్యాషన్లు’ అని ప్రత్యేక సంచికకు రెండు పేజీలు కావాలన్నాడు. ఫొటోలు వాళ్లే చూసుకుంటారట. నాకు ఒళ్లు మండి కాజాల కథే మళ్లీ పంపాను. అది ఇంతవరకూ అచ్చు కాలేదు. ఇప్పుడేమో పెళ్లిళ్లలో చుక్కల చీరలు కట్టి, నల్లకళ్లద్దాలు పెట్టుకుని పాతకాలపు ఫొటోలు దిగుతున్నారు. దిగనీ. వాళ్ల గుడ్డకు లోపల మడత ఉండదు.

మీ అమ్మమ్మగారు బెంగళూరులో నీ దగ్గరే ఉన్నారన్నావు కదా. ‘ఆ రోజుల్లో ఎలా ఉండేది’ అని అడగకు. అలా అడిగితే సినిమా పేర్లే వస్తాయి. ఆ జాకెట్టు ఎవరు కుట్టారు, కూలి ఎంత, ఎప్పుడిచ్చారు, గంజి ఎవరు పెట్టేవాళ్లు, కుట్టు విప్పిన రోజు బడికి వెళ్లడానికి సిగ్గుపడ్డారా, పైటతో ఆ చారలు కప్పుకున్నారా, ఇవి అడుగు. మధ్యలో ఫోను చూడకు.

పోటీలకు పంపాలా అని అడిగావు, కలం పేరు పెట్టుకోనా అని కూడా. తర్వాత చూద్దాం. తిరగరాసిన ప్రతిలో ట్రాము కనిపిస్తే మూడో పేజీకి రాను. అక్షరాలు కాస్త పెద్దవి చేసి, కాగితానికి ఒకవైపే ముద్రించి పోస్టులో పంపు. ఫోనులో నేను చదవలేను.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ వంటి మనిషి