ఎండనీ గాలినీ నమ్ముకుని ఇల్లు నడపాలంటే

చిరంజీవికి ఆశీస్సులు.

ఎండతో, గాలితోనే ఇంటికి కరెంటు తెచ్చుకోవాలంటే ఎన్ని వాట్ల సోలార్ ప్యానెళ్లు కొనాలని అడిగావు. ఆ లెక్క తర్వాత నాయనా. ముందు ఇంట్లో రోజుకు ఎంత కరెంటు ఖర్చవుతుందో కాగితం మీద పెట్టు. ఫ్రిజ్‌కి ఒక యూనిట్. 30 వాట్ల ఫ్యాన్లు నాలుగు పది గంటలు తిరిగితే 1.2. 9 వాట్ల బల్బులు ఎనిమిది, ఐదు గంటలకు 0.36. టీవీ, ఫోన్లు కలిపితే మూడు యూనిట్ల దగ్గర తేలుతుంది. గీజర్‌ను ఈ లెక్కలోకి రానివ్వకు. నీళ్లు కాచుకోవడానికి సోలార్ వాటర్ హీటర్ వేరే పెట్టుకో.

మంచి ఎండ ఐదు గంటలు ఉంటుందనుకుందాం. వేడికీ, దుమ్ముకీ, వైర్లకీ, బ్యాటరీకీ పోగా చేతికందేది 70 శాతం. 3ని 3.5తో భాగిస్తే 0.86 కిలోవాట్. కాబట్టి ఒక కిలోవాట్ పెట్టు, మబ్బులెక్కువైతే ఒకటిన్నర.

అందరూ పిసినారితనం చూపేది బ్యాటరీ దగ్గరే. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే త్వరగా చస్తుంది. మూడు యూనిట్లు వాడాలంటే ఆరు యూనిట్లు నిలవుండాలి, అంటే 48 వోల్టుల్లో 125 ఆంపియర్ అవర్లు. అదీ ఒక్క రోజుకే. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 80 శాతం దాకా వాడుకోవచ్చు.

12 వోల్టుల జోలికి పోకు. ఒక కిలోవాట్‌కి అక్కడ 83 ఆంపియర్లు పారతాయి, 48లో 21 చాలు. అదే వైరులో నష్టం పదహారో వంతుకు దిగుతుంది. ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్ పక్కనే ఉండాలి, అదీ డీసీ, అంటే బ్యాటరీ ఇచ్చే ఒకే దిశ కరెంటు కోసం చేసినదే. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి బ్రేకర్‌లో నిప్పురవ్వ ఆరిపోతుంది. డీసీలో అలా ఆరదు, కాలుస్తూనే ఉంటుంది.

ప్యానెళ్లను సిరీస్‌లో, అంటే వోల్టులు కూడేలా ఒకదాని వెనక ఒకటి కలిపేటప్పుడు చలిని మరిచిపోకు. 46 వోల్టులవి మూడైతే 138. ఉష్ణోగ్రత 5 డిగ్రీలున్న తెల్లవారుజామున అది 146 దాకా ఎక్కుతుంది. ప్యానెళ్ల కరెంటును బ్యాటరీకి సర్ది పంపే కంట్రోలర్ 150 వోల్టుల దాకా తట్టుకునేదైతే, దానికి మిగిలింది నాలుగే. ఆ జూదం వద్దు, రెండేసి సిరీస్‌లో కలిపి, ఆ జతలను ప్యారలల్‌లో కలుపు.

గాలిమర సంగతి. గాలి వేగం సగమైతే కరెంటు ఎనిమిదో వంతే వస్తుంది. డాబా మీద బిగిస్తే గాలి సుడులు తిరిగి, ఇల్లు అదురుతుంది గానీ కరెంటు రాదు. చుట్టూ 150 మీటర్లలో ఉన్న చెట్టూ గోడా అన్నిటికంటే తొమ్మిది మీటర్లు పైన రెక్కలు తిరగాలి. బ్యాటరీ నిండితే ప్యానెల్‌ని ఆపేయొచ్చు, మరకు మాత్రం కరెంటు లాగే భారం తీసేస్తే అదుపు తప్పి తిరిగి రెక్కలు విరుగుతాయి. మిగులు కరెంటును మింగే డంప్ లోడ్ తప్పనిసరి. అంత ఎత్తు టవర్ కుదరకపోతే ఆ డబ్బుతో ఇంకో రెండు ప్యానెళ్లు కొనుక్కో.

బిగించే రోజు కంట్రోలర్‌కి ముందు బ్యాటరీ కలుపు, తర్వాతే ప్యానెళ్లు. విప్పేటప్పుడు ప్యానెళ్లు ముందు.