ట్రైనింగ్ ఇవ్వకుండానే సంతకం పెట్టించుకున్నారు.. ప్రమాదం జరిగితే తప్పు నాదేనా?

సందేహం: నేను ఒక ప్యాకింగ్ యూనిట్‌లో నాలుగేళ్లుగా పని చేస్తున్నాను. ఇన్నాళ్లూ లేబులింగ్‌లో ఉన్నాను. పోయిన నెల కొత్తగా వచ్చిన సీలింగ్ మెషీన్ మీదకు మార్చారు. సూపర్‌వైజర్ పది నిమిషాలు బటన్లు చూపించి వెళ్లిపోయారు. తర్వాత ఇంగ్లిషులో ఉన్న ఫారం తెచ్చి, 'సేఫ్టీ ట్రైనింగ్ పూర్తయింది' అన్న చోట అందరి చేతా సంతకాలు పెట్టించారు. ఇప్పుడేమో సెలవు రోజున క్లాసు పెడతాం, ఆ రోజుకు జీతం ఉండదు, ఫీజు కూడా మీ జీతంలోంచే కోస్తాం అంటున్నారు. మెషీన్ తరచూ జామ్ అవుతోంది, చెయ్యి పెట్టి తీయాల్సి వస్తోంది. రేపు ఏమైనా జరిగితే సంతకం పెట్టాను కాబట్టి తప్పు నా మీదకే వస్తుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: సంతకం పెట్టినంత మాత్రాన తప్పు మీది అయిపోదు. అలాగని ఆ సంతకాన్ని తేలిగ్గానూ తీసుకోవద్దు. ప్రమాదం జరిగాక యాజమాన్యం తరఫు లాయరు ముందుగా బయటికి తీసే కాగితం అదే. 'మేం నేర్పాం, ఇదిగో సంతకం, నేర్పినట్టు చేయలేదు' అని వాదిస్తారు. దాన్ని మీరు తిప్పికొట్టవచ్చు. క్లాసు ఎవరు తీసుకున్నారు, ఎంతసేపు, ఏ భాషలో, ఏం చెప్పారు అన్న ప్రశ్నలకు వాళ్లు జవాబు చెప్పుకోవాలి. ట్రైనింగ్ జరిగిందంటున్న గంటలోనే మీరంతా లైన్ మీద ఉన్నట్టు షిఫ్టు రిజిస్టర్‌లో ఉంటే, ఆ ఫారం వాళ్ల మెడకే చుట్టుకుంటుంది. అందుకే ఆ రోజు డ్యూటీలో ఎవరెవరున్నారో, ఏం జరిగిందో గుర్తున్నప్పుడే తేదీ వేసి రాసి పెట్టుకోండి.

మీరు ఏ దేశంలో పని చేస్తున్నారో రాయలేదు. అదృష్టం ఏమిటంటే ఈ విషయంలో చాలా దేశాల చట్టాలు ఒకే దారిలో నడుస్తాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో చేసిన 155వ ఒప్పందం కార్మికులకు భద్రతా శిక్షణ ఇవ్వాలంటుంది, భద్రతా చర్యల ఖర్చు వాళ్ల మీద వేయకూడదంటుంది. 2022లో ఆ ఒప్పందాన్ని మౌలికమైన వాటిలో చేర్చారు. బ్రిటన్‌లో 1974 నాటి చట్టం సమాచారం, సూచనలు, శిక్షణ, పర్యవేక్షణ అన్నీ యజమాని విధి అని చెప్పింది. భారత్‌లో 1948 ఫ్యాక్టరీల చట్టం తర్వాతి సవరణలతో ఇదే మాట చెప్పింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లోనూ ఈ విధి ఉంది.

ఇక మీరు మామూలు సంగతిలా రాసిన ఒక విషయం నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తోంది. మిమ్మల్ని వేరే పనికి, అదీ కొత్త మెషీన్ మీదకు మార్చారు. 'నాలుగేళ్ల అనుభవం ఉంది కదా' అని యాజమాన్యాలు తరచూ అంటుంటాయి. లేబులింగ్ అనుభవం సీలింగ్ మెషీన్‌కు పనికిరాదు. యూరోపియన్ యూనియన్ 1989 నాటి ఆదేశం ఉద్యోగంలో చేరినప్పుడే కాకుండా పని మారినప్పుడు, కొత్త పరికరం వచ్చినప్పుడు, కొత్త టెక్నాలజీ తెచ్చినప్పుడు కూడా శిక్షణ ఇవ్వాలని విడివిడిగా చెబుతుంది. మీ విషయంలో ఇందులో రెండు ఒకేసారి జరిగాయి.

బటన్లు చూపించడం మెషీన్ నడపడం నేర్పినట్టే అవుతుంది, ప్రమాదం నుంచి తప్పించుకోవడం నేర్పినట్టు కాదు. జామ్ అయినప్పుడు ముందు ఆపాలి, కరెంటు పూర్తిగా తీసేయాలి, మళ్లీ ఎవరూ ఆన్ చేయకుండా స్విచ్‌కు తాళం వేసి ట్యాగ్ కట్టాలి, లోపల మిగిలిన వేడి, గాలి ఒత్తిడి పోయాయో లేదో చూడాలి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. దీన్ని లాక్ అవుట్, ట్యాగ్ అవుట్ అంటారు. ఈ పద్ధతి, ఎమర్జెన్సీ స్టాప్ వాడకం, గార్డు (చెయ్యి లోపలికి వెళ్లకుండా మెషీన్‌కు ఉండే రక్షణ కవచం) తీసి నడపకూడదన్న నియమం మీకు అర్థమయ్యే భాషలో చెప్పి, మీ చేత చేయించి చూసినప్పుడే అది ట్రైనింగ్. అమెరికాలో కార్మికులకు అర్థమయ్యే భాషలో, వాళ్లకు తెలిసిన మాటల్లో చెప్పకపోతే శిక్షణ ఇచ్చినట్టు కాదని భద్రతా శాఖ 2010లోనే స్పష్టం చేసింది.

సెలవు రోజు క్లాసు, ఫీజు కోత గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. ఫీజు మీ దగ్గర వసూలు చేయడం అన్యాయం, చాలాచోట్ల చట్టవిరుద్ధం కూడా. యూరోపియన్ ఆదేశం ప్రకారం శిక్షణ పని గంటల్లోనే జరగాలి. మీ దేశంలో అంత స్పష్టంగా రాసి లేకపోయినా, రమ్మని తప్పనిసరి చేసిన సమయాన్ని పని సమయంగా లెక్కించమని అడగండి. క్లాసుకు మాత్రం వెళ్లండి. రానన్నారంటే 'మేం పిలిచాం, తనే రాలేదు' అనే అవకాశం వాళ్లకు మీరే ఇచ్చినట్టవుతుంది. కోత మీద అభ్యంతరం విడిగా రాసివ్వండి.

ఇప్పుడు చేయాల్సింది ఒక చిన్న ఉత్తరం లేదా మెయిల్. 'ఫలానా తేదీన సీలింగ్ మెషీన్ మీదకు మార్చారు. జామ్ తీసే పద్ధతిపై శిక్షణ ఇవ్వలేదు. ఫారం మీద సంతకం తీసుకున్నారు గానీ క్లాసు జరగలేదు. దయచేసి శిక్షణ ఇప్పించండి' అంటే చాలు. కోపం, ఆరోపణలు వద్దు. నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఇకపై ఇలాంటి ఫారం ఇస్తే 'కాగితం అందింది, శిక్షణ జరగలేదు' అని రాసి, కింద సంతకం పెట్టండి.

ఈలోగా జామ్ అయితే మెషీన్ ఆపి, పైన చెప్పినట్టు కరెంటు పూర్తిగా తీసేయకుండా చెయ్యి పెట్టకండి. బలవంతం చేస్తే పని ఆపి, కారణం చెప్పి, వెంటనే రాతలో తెలపండి. తక్షణ ప్రమాదం ఉందని సహేతుకంగా నమ్మి పక్కకు తప్పుకున్న కార్మికుడిని శిక్షించకూడదని 155వ ఒప్పందం చెబుతుంది. ఉత్తరానికి స్పందన లేకపోతే సేఫ్టీ కమిటీకి, యూనియన్‌కు, ఆ తర్వాత భద్రతా ఇన్‌స్పెక్టర్‌కు వెళ్లవచ్చు. ఫిర్యాదు చేసినందుకు ఉద్యోగం తీసేసినా, షిఫ్టు మార్చి వేధించినా అది వేరే కేసు అవుతుంది. దానికి గడువు చాలా తక్కువ ఉండొచ్చు, అమెరికాలో భద్రతా శాఖకు చెప్పుకోవడానికి 30 రోజులే. కాబట్టి అలాంటిది ఏమైనా జరిగితే ఆగకుండా స్థానిక లేబర్ లాయర్‌ను కలవండి, సంతకాల ఫారం నకలు, మీ ఉత్తరం, జీతం స్లిప్పులు వెంట తీసుకెళ్లండి.